కొలతల ఆట

విల్ఫ్ ఆగ్డెన్ సంతకం చెయ్యాల్సిన కాగితం మూడు రోజులుగా వంటింటి బల్ల మీద ఉప్పు సీసా కింద పడి ఉంది. స్టూడియో వకీలు పంపిన కాగితం. అందులో ఉన్నవి నాలుగే ముక్కలు. శవపెట్టెలు చేసే వడ్రంగి బతికున్న మనిషికి కొలతలు తీసే హాస్యఘట్టం పూర్తిగా విల్ఫ్ ఆగ్డెన్ సొంత కల్పన. దాని హక్కులు అతను స్టూడియోకు ఇచ్చేశాడు. బర్న్లీ ఊళ్లో సేత్ క్లెగ్ అనే ఆసామీ, అతని భార్యా అక్కడి ఆటపాటల హాల్లో ఆడబోతున్నది దానికి దొంగ నకలు. దాన్ని ఆపించడానికి తనకు సమ్మతమే. కింద గీత, గీత కింద అతని పేరు.

నాలుగింట్లో మొదటిది పచ్చి అబద్ధం. మిగతా మూడూ దాని కడుపున పుట్టినవే.

"సంతకం పెట్టేస్తే ఒక పని అయిపోతుంది కదా," అంది హిల్డా, అతని భార్య, కెటిల్ పొయ్యి మీద పెడుతూ.

"పెడతాలే."

"ఎప్పుడు? శుక్రవారం లోపల పంపమన్నారు. ఆ సేత్ నీకేమన్నా చుట్టమా? నాలుగేళ్లయింది, క్రిస్మస్‌కి ఒక కార్డు ముక్క రాశాడా?"

"నేను రాశానా మరి?"

"నీకు పనుంది. వాడికి తీరికేగా," అని హిల్డా కప్పులు కడగడం మొదలుపెట్టింది. ఆమె కోపం అంతా కప్పుల చప్పుడులో వినబడింది. ఆమెను తప్పు పట్టడానికి లేదు. పద్నాలుగేళ్లు ఊరికొక అద్దె గదిలో, ఎవరో వాడి వదిలిన దుప్పట్లలో పడుకున్న మనిషి. ఇప్పుడు లండన్ శివారులో సొంత గుమ్మం ఉంది, ఆ గుమ్మానికి ఆమె రోజూ తుడిచే ఇత్తడి గడియ ఉంది. ఈ కాగితం మీద సంతకం లేకపోతే స్టూడియోవాళ్లు మూడేళ్ల ఒప్పందాన్ని చింపేస్తారని ఆమెకు తెలుసు.

విల్ఫ్‌కి యాభై ఒకటి. ముఖం మాత్రం ఇరవై ఏళ్లప్పటి నుంచీ యాభై ఒకటే. కిందికి జారిన బుగ్గలు, ఎప్పుడూ ఎవరో తనని తిట్టి వెళ్లినట్టుండే కళ్లు, కుడివైపు మాత్రమే పైకి లేచే కనుబొమ. ఆ ముఖం పెట్టుకుని నాలుగేళ్లలో అరవై ఒక్క సినిమాల్లో వేశాడు. పోలీసు కానిస్టేబులు, రైల్వే కూలీ, బట్లరు, టీ ఒలకబోసుకునే పాస్టరు. ఏ పాత్రకూ పేరుండేది కాదు. తెర మీద పేర్లు వేసేటప్పుడు అతని ఎదురుగా 'రెండో కానిస్టేబులు' అని ఉండేది, అది కూడా వేస్తే. పది రోజులకొక సినిమా తీసి అవతల పారేసే రోజులు. పొద్దున ఒక సినిమాలో కానిస్టేబులు, మధ్యాహ్నం పక్క షెడ్డులో ఇంకో సినిమాకి బట్లరు. ఒకసారి బట్లరు ప్యాంటు కింద పోలీసు బూట్లతోనే నటించేశాడు, ఎవరూ గమనించలేదు.

ఆ సినిమాలను జనం చూస్తారని తీసినవాళ్లకే నమ్మకం లేదు. ప్రతి సినిమా హాలూ ఏడాదికి ఇన్ని స్వదేశంలో తీసిన సినిమాలు వెయ్యాలని చట్టం వచ్చింది కాబట్టి తీసేవాళ్లు, చట్టం ఉంది కాబట్టి హాలువాళ్లు కషాయం తాగినట్టు ముక్కు మూసుకుని వేసేవాళ్లు. లండన్‌లో పెద్ద హాళ్లవాళ్లయితే పొద్దున్నే, ఊడ్చే ఆడవాళ్లు బకెట్లు పట్టుకుని తిరుగుతున్నప్పుడు వేసేసి లెక్క సరిపెట్టుకునేవాళ్లు. విల్ఫ్ స్నేహితులు దాని మీద బోలెడు జోకులు వేసుకునేవాళ్లు. మన నటన చూసి నేల తడి ఆరిందా లేదా అని అడిగేవాళ్లు.

విల్ఫ్ తప్పంతా అక్కడే పుట్టింది. ఆ సినిమాలు ఎవరూ చూడరని అతను మనస్ఫూర్తిగా నమ్మాడు.

కిందటి శీతాకాలం ఒక సినిమా ఆఖరి రోజు, పెల్హామ్ అనే దర్శకుడు గడియారం చేతిలో పట్టుకుని వచ్చాడు. "నిడివి తక్కువొచ్చింది. ఏడు నిమిషాలు తగ్గితే ఇది చట్టం లెక్కలోకి రాదు. సాయంత్రానికి ఈ సెట్టు పీకేస్తారు. ఆగ్డెన్, నువ్వు హాళ్లలో ఆడినవాడివి కదా, నీ సంచీలో ఏదన్నా ఉంటే బయటికి తియ్యి."

అతని సంచీలో ఉన్నది ఒక్కటే, అదీ అతనిది కాదు.

అది సేత్ క్లెగ్‌ది. సేత్‌కి పంతొమ్మిదేళ్లప్పుడు తండ్రి పోయాడు. శవం మేడ మీద ఉంది. కింద గదిలో తాగి పడుకున్న బాబాయి ఉన్నాడు. శవపెట్టె చేసే వడ్రంగి వచ్చి, ఎవరినీ అడగకుండా, ఆ పడుకున్నవాడికి టేపు పెట్టి పొడవు కొలిచేశాడు. భుజాలు కొలవబోతుంటే బాబాయి కళ్లు తెరిచి, "కోటు ఎప్పటికిస్తావు?" అని అడిగాడు. తండ్రి శవం పక్కనుంచి అప్పుడే మెట్లు దిగి వచ్చిన సేత్ అది చూసి, నవ్వి నవ్వి, ఆ నవ్వులోంచే ఏడుపులోకి పోయాడు. వాళ్లమ్మ అతని చెంప మీద ఒకటి ఇచ్చింది. ఆ చెంపదెబ్బలోంచి పన్నెండు నిమిషాల ఆట తయారుచేశాడు సేత్. తను వడ్రంగి, విల్ఫ్ నిద్రపోయేవాడు. పద్నాలుగేళ్లు ఆ ఒక్క ఆటతో ఇద్దరూ ఊరూరా తిరిగి తిన్నారు.

హాళ్లలో ఆడేవాళ్లకు ఆట అంటే రైతుకు పొలం లాంటిది. ఒక్కటి చాలు, జీవితం గడిచిపోతుంది. ఒక ఊరి జనం దాన్ని రెండేళ్లకోసారి చూస్తారు, మళ్లీ వచ్చేసరికి సగం మరిచిపోయి సగం గుర్తుండి ఇంకా బాగా నవ్వుతారు. దానికి కాగితాలూ సంతకాలూ ఉండవు. ఒకడి ఆట ఇంకొకడు ముట్టుకోడు, అంతే. ముట్టుకున్నవాడితో అద్దె ఇళ్లలో ఎవరూ ఒకే బల్ల దగ్గర కూర్చుని అన్నం తినరు. మాట్లాడే సినిమాలు వచ్చాక విల్ఫ్ లండన్ బయలుదేరినప్పుడు, ఒక ఆదివారం క్రూ స్టేషన్‌లో ఇద్దరూ విడిపోయారు. దేశంలో ఉన్న ఆటగాళ్లందరూ ఆదివారం నాడు రైలు మారేది అక్కడే. కుక్కల బోనుల, పెట్టెల మధ్య నిలబడి, "ఆట నీది రా సేత్. నేను దాని జోలికి రాను," అని చెయ్యి ఇచ్చాడు విల్ఫ్. ఆ మాట చుట్టూ ఉన్న పదిమంది విన్నారు.

అలాంటి ఆటని పెల్హామ్ గడియారం ముందు తీసి పెట్టాడు. ఊడ్చేవాళ్లు తప్ప ఎవరు చూస్తారులే అనుకున్నాడు. పైగా తన పాత వేషం, నిద్రపోయేవాడి వేషం, ఎవరో కుర్ర నటుడికి ఇచ్చి, తను వడ్రంగి వేశాడు. టేపుని మెడ చుట్టూ వేసుకునే తీరు, కొలత మరిచిపోయి వేళ్లు మడిచి లెక్కపెట్టుకునే తీరు, అన్నీ సేత్‌వే. ఏడో నిమిషంలో పెల్హామ్ చాలన్నాడు. ఆటలో ఇంకా అయిదు నిమిషాలు మిగిలి ఉంది. అప్పటికే నవ్వాపుకోలేక కెమెరా పట్టుకున్నవాడి భుజాలు కదిలిపోతున్నాయి.

ఆ సినిమాది ఊరూపేరూ లేని కథ. కానీ ఒక పెద్ద అమెరికా సినిమా ముందు దాన్ని తగిలించి దేశమంతా పంపారు, జనం పెద్ద సినిమా సంగతి మానేసి కొలతల వడ్రంగి గురించి చెప్పుకున్నారు. వేసవి వచ్చేసరికి విల్ఫ్ పేరు పోస్టరు మీదికెక్కింది. ఆ తర్వాతే ఒప్పందం. ఆ తర్వాతే ఇత్తడి గడియ ఉన్న గుమ్మం. ఆ తర్వాతే ఈ కాగితం.

సోమవారం పొద్దున ఉప్పు సీసా పక్కకు జరిపి, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు విల్ఫ్. "రేపు బర్న్లీ వెళ్లొస్తాను."

"వెళ్లి?"

"ఆ హాలు మేనేజరుకి నిజం చెప్తాను. వకీలు మాట ముందు చేరిందంటే సేత్‌ని బయటికి గెంటేస్తారు."

హిల్డా చేతులు తుడుచుకుంది. "ఇంతకాలం దాచుకున్న నిజం ఇవాళ గుర్తొచ్చిందా నీకు? వాడి పొట్ట కొట్టేటప్పుడు లేని సిగ్గు ఇప్పుడు నా నెత్తిన పెట్టకు."



*

బర్న్లీ స్టేషన్‌లో దిగగానే టికెట్లు తీసుకునే మనిషి అతని ముఖం చూసి, టికెట్టు పొడవు వేలితో కొలిచి, "చాలా పొట్టిగా ఉంది సారూ, కాళ్లు బయటికొస్తాయి," అన్నాడు. పక్కనున్నవాళ్లు పకపకా నవ్వారు. విల్ఫ్ కుడి కనుబొమ దానంతటదే పైకి లేచింది. వాళ్లు ఇంకా నవ్వారు. వీధి పొడుగునా, చెక్క అడుగుల బూట్లు టకటకలాడించుకుంటూ మిల్లు ఆడవాళ్లు అతని వెనక కొంతదూరం నడిచారు.

ఆటగాళ్లకు గదులిచ్చే మిసెస్ హార్గ్రీవ్స్ ఇల్లు అతనికి పాత పరిచయమే. ఆవిడ తలుపు తీసి, చేతులు రెండూ ఏప్రనుకి తుడుచుకుని, అతన్ని ముందు గదిలోకి, అంటే చావుకీ పెళ్లికీ తప్ప తెరవని గదిలోకి, తీసుకెళ్లి కూర్చోబెట్టింది. పిండి రొట్టెలో బంగాళదుంపలు కూరి కాల్చిన 'పై', దాని పక్కన ఎర్ర క్యాబేజీ ఊరగాయ తెచ్చి పెట్టింది.

"తినండి నాయనా. నాకు తెలుసు మీరొస్తారని. ఆ దొంగముండావాడు నా ఇంట్లోనే ఉన్నాడు. వెనక గది ఇచ్చాను, పొగ వచ్చే గది. మీ ఆట అంతా, చెయ్యి తిప్పడంతో సహా దించేశాడు. నిన్న రాత్రి మొహం మీదే అన్నాను, ఒకడి కష్టం దోచుకుని తింటే ఒంటికి పట్టదని. నోరెత్తలేదు. ఎత్తడానికి ఏముంది కనక."

విల్ఫ్ నోట్లో ముద్ద ఉంది. దాన్ని మింగాడు. ఇప్పుడు చెప్పాలి అనుకున్నాడు. మిసెస్ హార్గ్రీవ్స్, దొంగని నేనండీ, అంతే, ఎంతసేపు పడుతుంది. ఆవిడ అతని కళ్లలోకి చూస్తూ, ఇంత గొప్పవాడు తన ఇంట్లో తింటున్నందుకు పొంగిపోతూ, ఇంకో గరిటె వడ్డించింది.

"చాలా బాగుందండీ," అన్నాడు. తన మాట విని తనకే ఒళ్లు మండింది.

అప్పుడే సేత్, అతని భార్య అడా బజారు నుంచి వచ్చారు. సేత్ సగానికి సగం చిక్కిపోయాడు. కాలరు లోపల మెడ వదులుగా తిరుగుతోంది. గుమ్మంలో నిలబడి విల్ఫ్‌ని కింది నుంచి పైదాకా చూశాడు.

"ఒళ్లు చేశావు రా," అన్నాడు.

జగడం చూడాలని నిలబడిన మిసెస్ హార్గ్రీవ్స్‌కి నిరాశే మిగిలింది. అడా ఆవిడ చేతిలోంచి టీ కుండ మర్యాదగా అందుకుని, "మేం పోసుకుంటాం లెండి," అని తలుపు వేసింది.

"ఆవిడకి నువ్వెందుకు చెప్పలేదు?" అన్నాడు విల్ఫ్.

"ఎవరికని చెప్తాం?" అంది అడా. "బరీలో చెప్పాం. రాచ్‌డేల్‌లో చెప్పాం. ఆహా, అలాగా, మరి మిమ్మల్ని సినిమాలో ఎందుకు పెట్టలేదూ అన్నారు. ఇంక చెప్పడం మానేశాం. ఆవిడకి నువ్వు చెప్పావా?"

విల్ఫ్ తల దించుకుని జేబులోంచి కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. సేత్ దాన్ని కళ్లకు దూరంగా పట్టుకుని, పెదవులు కదుపుతూ చివరిదాకా చదివాడు.

"కాగితం మంచి మందంగా ఉంది," అన్నాడు.

"నేను సంతకం చెయ్యను రా సేత్."

"చెయ్యకపోతే?"

"ఒప్పందం పోతుంది."

"పోతే? మళ్లీ కానిస్టేబులువా?"

"అది కూడా ఇవ్వరనుకుంటా."

సేత్ కాగితం మడిచి తిరిగి ఇచ్చాడు. కప్పు దగ్గరికి లాక్కుని టీ కలిపాడు. "ఒకటి అడుగుతాను, చెప్పు. చేసిందేదో చేశావు. నిద్రపోయేవాడి వేషం ఉందిగా నీది. అది వెయ్యక నాది ఎందుకేశావు?"

ఈ ప్రశ్నకు రైల్లో కూర్చుని ఎన్ని జవాబులు తయారుచేసుకున్నాడో విల్ఫ్‌కే తెలుసు. ఒక్కటీ పైకి రాలేదు. "నిద్రపోయేవాడి మీద కెమెరా ఉండదు," అన్నాడు.

అడా చప్పున తల తిప్పుకుంది. సేత్ మాత్రం తల ఊపాడు, అది నటుడికి నటుడు ఒప్పుకోవాల్సిన మాటే అన్నట్టు. విల్ఫ్‌కి ఆ తల ఊపడం కంటే చెంప మీద కొడితేనే హాయిగా ఉండేది.

*

అయిదింటికి ముగ్గురూ పెలికాన్ థియేటర్ మేనేజరు బ్రేస్‌వెల్ గదిలో ఉన్నారు. బ్రేస్‌వెల్ విల్ఫ్‌కి కుర్చీ చూపించాడు, మిగతా ఇద్దరికీ చూపించలేదు. విల్ఫ్ కూర్చోకుండా, నిలబడే, మొత్తం చెప్పాడు. సేత్ తండ్రి చావు, బాబాయి, క్రూ స్టేషన్, పెల్హామ్ గడియారం. ఎక్కడా ఆగలేదు. చివర్లో కాగితం తీసి నాలుగు ముక్కలు చేసి బల్ల మీద పెట్టాడు. అడా కళ్లు తుడుచుకుంది.

బ్రేస్‌వెల్ ఆ ముక్కలను చేత్తో ఒక కుప్పగా జరిపాడు. "మీరు పెద్దమనుషులు, చెప్పారు. సంతోషం. కానీ ఇది ఎవరి ఆటో నాకెందుకండీ? నిన్న రెండు ఆటల్లోనూ 'సినిమాలో చూశాం, దిగు' అని అరిచారు. జనం ఒకసారి చూసేసిందాన్ని నేను మళ్లీ ఎలా అమ్మను? కోర్టు ఆపకపోయినా బాల్కనీ ఆపుతుంది."

నిజం చెప్పేస్తే ఏదో ఒకటి తిరిగొస్తుందనుకున్నాడు విల్ఫ్. నిజం అనేదానికి అంత ధర ఎప్పుడూ లేదు.

సేత్ ముందుకొచ్చాడు. "బ్రేస్‌వెల్ గారూ, సినిమాలో ఉన్నది ఏడు నిమిషాలు. తర్వాతి అయిదూ వాళ్లెవరూ చూడలేదు. నిన్న అక్కడిదాకా పోనివ్వలేదు. ఆ ఏడు నిమిషాలూ అరవకుండా కూర్చోబెట్టండి చాలు. అక్కడి నుంచీ నేను చూసుకుంటాను."

బ్రేస్‌వెల్ మీసం గీక్కున్నాడు. దుర్మార్గుడేం కాదు. హాలు నిండాలి, అంతే అతని బాధ. "సరే. ఇవాళ మొదటి ఆట. అరిచేవాళ్లను బయటికి పంపడానికి ఇద్దరిని బాల్కనీలో నిలబెడతాను. నువ్వు చెప్పే ఆ అయిదు నిమిషాల్లో జనం నవ్వారా, వారమంతా ఉండు, నా మిగతా మూడు హాళ్లూ ఇస్తాను. నవ్వలేదా, సామాను సర్దుకో."

మెట్లు దిగుతుంటే విల్ఫ్ సేత్ మోచెయ్యి పట్టుకున్నాడు. "నేను ముందు స్టేజీ ఎక్కి చెప్తాను రా. ఇది వీడిదీ, నేను ఎత్తుకుపోయానూ అని. జనం వింటారు."

"వింటారు. నిన్ను వింటారు," అన్నాడు సేత్. "నువ్వు ఎక్కితే అది నీ ఆట అవుతుంది. వద్దు. చూడాలనుంటే వెనక కూర్చో, టోపీ కిందికి లాక్కుని. నోరు మెదపకు. మాటివ్వు."

"ఇస్తున్నా."

"క్రూలోనూ ఇచ్చావు," అంది అడా, వెనక్కి చూడకుండానే.

*

ఆరున్నరకు హాలు నిండింది. మిల్లు నుంచి నేరుగా వచ్చినవాళ్లు, జుట్టులో ఇంకా పత్తి పీచుతో. విల్ఫ్ కింద వెనక వరసలో, స్తంభం పక్కన కూర్చున్నాడు. టోపీ కనుబొమల దాకా లాక్కున్నాడు. అతని పక్కన బఠాణీలు తింటున్న లావుపాటి ఆవిడ ఉంది. కుక్కలను ఆడించేవాడు వచ్చి వెళ్లాడు. పాటల అమ్మాయి వచ్చి వెళ్లింది. తర్వాత తెర లేచేసరికి కుర్చీలో అడా, మగ కోటూ అతికించిన మీసమూ పెట్టుకుని, కాళ్లు బారచాపి గురక పెడుతోంది. సేత్ టేపు చేత్తో పట్టుకుని, టోపీ గుండెల మీద పెట్టుకుని లోపలికొచ్చాడు.

"ఓహో, సినిమాది," అంది బాల్కనీలో ఒక గొంతు. ఎవరో ఆ గొంతుని నోరు మూయించారు. ఆ తర్వాత హాలు మౌనంగా ఉంది. అది ఊరికే మౌనం కాదు. జరగబోయేది తెలిసినవాళ్ల మౌనం. సేత్ టేపు మెడకు చుట్టుకున్నాడు, ఎవరూ నవ్వలేదు. వేళ్లు మడిచి లెక్కపెట్టాడు, ఎవరూ నవ్వలేదు. రెండో నిమిషం, మూడో నిమిషం. లావుపాటి ఆవిడ బఠాణీలు నమిలే చప్పుడు విల్ఫ్‌కి వినబడుతోంది.

అతను మాత్రం సేత్ మీద నుంచి చూపు తిప్పలేకపోయాడు. పద్నాలుగేళ్లు కుర్చీలో గురకపెడుతూ అరకంటితో చూసినవాడు, ఈ ఆటని జనం కూర్చునే వైపు నుంచి ఒక్కసారి కూడా చూడలేదు. తను సినిమాలో చేసింది పైపై చేతుల విన్యాసం. సేత్ చేస్తున్నది వేరు. ఆ వడ్రంగికి చనిపోయినవాడంటే భయం ఉంది, గౌరవం ఉంది, ఇంటివాళ్ల ముందు తప్పు చేస్తానేమోనన్న దిగులుంది. కొలుస్తున్న మనిషి కాలు కదిపినప్పుడల్లా క్షమించమన్నట్టు టోపీ తీస్తున్నాడు. విల్ఫ్ టోపీ తియ్యడం మర్చేపోయాడు, సినిమాలో. ఎంత బాగా చేస్తున్నాడు వీడు అనుకున్నాడు.

అయిదో నిమిషం. కింద ఎవరో లేచి బయటికి పోయారు. ఇంకో ఇద్దరు లేచారు. బాల్కనీలో కాళ్లు నేలకేసి రాసే చప్పుడు మొదలయింది. అరిచేవాళ్లను పంపెయ్యొచ్చు, కాళ్లు రాసేవాళ్లను ఎవరేం చేస్తారు. పక్క గోడ దగ్గర నిలబడ్డ బ్రేస్‌వెల్ గడియారం చూసుకున్నాడు. ఆరో నిమిషం. ఇంకొక్క నిమిషం, ఒక్క నిమిషం కూర్చోండ్రా అని విల్ఫ్ లోలోపల బతిమాలుకుంటున్నాడు. కాళ్ల చప్పుడు పెరిగింది. మొత్తం వరస ఒకటి లేవబోతోంది.

విల్ఫ్ నవ్వాడు.

కావాలనే నవ్వాడు. హాల్లో ఒకడు గట్టిగా నవ్వితే పక్కవాళ్లు అందుకుంటారని ఆటగాళ్లందరికీ తెలుసు. కడుపు లోంచి, ఈ చివర నుంచి ఆ చివర దాకా వినబడేలా నవ్వాడు. కాళ్ల చప్పుడు ఆగింది. లేవబోయిన వరస కూర్చుంది. ఒక్క క్షణం అతనికి గెలిచాననిపించింది.

లావుపాటి ఆవిడ తల తిప్పింది. టోపీ కింద ఉన్న ముఖం చూసింది. "అమ్మో, ఈయనే కదా," అంది. "ఈయనేనర్రా. కొలతలాయన."

ముందు వరస తల తిప్పింది. దాని ముందు వరస తిప్పింది. అన్ని ముఖాలు ఒక్కసారిగా తనవైపు తిరిగేసరికి విల్ఫ్ ఒంట్లో ముప్పయ్యేళ్ల అలవాటు అతన్ని అడక్కుండా మేలుకుంది. కుడి కనుబొమ పైకి పోయింది. కింది పెదవి వేలాడింది. ఒక్క క్షణమే, ఆ ఒక్క క్షణం అతనికి బాగుంది కూడా. ఆ సంగతి తర్వాత ఎన్నిసార్లు కాదనుకోబోయినా అతనికి సాధ్యం కాలేదు.

హాలు గొల్లున నవ్వింది. బాల్కనీ వాళ్లు కింద ఏముందో చూడాలని కటకటాల మీద నుంచి వంగారు. పక్క వరసలవాళ్లు కుర్చీలెక్కారు. చప్పట్లు, ఈలలు. ఎవరో "నన్ను కొలవండి సారూ" అని చేతులు చాపారు.

స్టేజీ మీద సేత్ ఆగలేదు. అరిచినా, విసిరినా, హాలు తగలబడినా ఆటని చివరిదాకా ఆడాలని నేర్చుకున్నవాడు. ఏడో నిమిషం దాటింది. ఎవరూ చూడని భాగం మొదలయింది. ఈ మనిషి కదలకుండా ఉండడం లేదని విసిగిపోయిన వడ్రంగి, చచ్చినవాడు ఎలా పడుకోవాలో చూపిద్దామని తనే నేల మీద పడుకున్నాడు. చేతులు గుండెల మీద పెట్టుకున్నాడు. ఇలా, అన్నట్టు కళ్లు మూశాడు. మూసినవాడు మూసినట్టే నిద్రపోయాడు. అప్పుడు కుర్చీలో ఉన్న అడా మెల్లగా లేచి, మీసం సవరించుకుని, పడి ఉన్న టేపు తీసుకుని, మొగుడి పక్కన మోకాళ్ల మీద కూర్చుని, తల దగ్గర నుంచి పాదాల దాకా, తొందరేం లేకుండా కొలవడం మొదలుపెట్టింది.

హాల్లో ఎనిమిది వందల మంది ఉన్నారు. అందరి వీపులూ స్టేజీ వైపున్నాయి. చూస్తున్నవాడు విల్ఫ్ ఒక్కడే.

"అటు చూడండి," అన్నాడు. నవ్వుల్లో అతని మాట వినబడలేదు. లేచి నిలబడి, చెయ్యి చాచి స్టేజీ వైపు చూపించాడు. సినిమాలో వడ్రంగి శవాన్ని చూపించేది అచ్చం అలాగే. జనం కళ్లనీళ్లు తుడుచుకుంటూ నవ్వారు. గోడ దగ్గర బ్రేస్‌వెల్ కూడా నవ్వుతున్నాడు, అతని వైపే చూస్తూ.

విల్ఫ్ రెండు చేతుల్తో ముఖం కప్పుకున్నాడు. హాలు ఇంకా గట్టిగా నవ్వింది.